రెండో కుర్చీ పాట: ఏడో డ్రాఫ్టు దాకా

ఈ పాట మొదలుపెట్టి 11 వారాలైంది. నోట్‌బుక్‌లో ఏడు డ్రాఫ్టులు, ఫోన్‌లో 23 రికార్డింగులు ఉన్నాయి. ఇంతకు ముందు పాటలన్నీ ఒక్క రాత్రిలో రాసి, మర్నాడు ఇద్దరికి వినిపించి, "బాగుంది" అనిపించుకుని వదిలేసినవే. ఈసారి ఒక్కదాన్నే పట్టుకుని, నాకు నచ్చేదాకా దిద్దాలని కూర్చున్నాను.

మాట పట్టింపుతో దూరమైన స్నేహితుడి గురించి పాట. ట్యూన్ ముందే ఉంది. చతురస్ర నడక, నిమిషానికి 80 బీట్లు. మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు. బీటుకి నాలుగు మాత్రలు, లైనుకి నాలుగు బీట్లు, అంటే లైనుకి 16 మాత్రలు. పల్లవి మొదట ఇలా ఉండేది:

గుండె నిండా నీ జ్ఞాపకాలే

లెక్క పెడితే సరిగ్గా 16. పాడటం వచ్చిన ఒక స్నేహితురాలికి ఇచ్చాను. మూడుసార్లు పాడి, "ఇక్కడ నోరు తడబడుతోంది, ఎందుకో తెలియట్లేదు" అంది. ఆ రాత్రి బీట్లు టిక్కుటిక్కుమని కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని, చేత్తో తాళం వేస్తూ ఒక్కో అక్షరం కింద లఘువుకి (పొట్టి అక్షరం) 1, గురువుకి (సాగే అక్షరం) 2 రాసుకుంటూ వెళ్ళాను. సున్నా ఉన్న అక్షరమూ, సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరమూ గురువులే అని చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్నది ఇన్నేళ్ళకి అక్కరకొచ్చింది. గుం 2, డె 1, నిం 2. నాలుగో మాత్ర 'నిం' మధ్యలో పూర్తవుతోంది, అంటే రెండో బీటు ఆ అక్షరం నడుమ పడుతోంది. మూడో బీటు కూడా అంతే, 'నీ' మధ్యలో. మొత్తం సరిపోయింది కానీ పంపకం కుదరలేదు. కావాలనే మాటని బీటుకి పక్కగా వేసే పాటలున్నాయి, వాటి అందం వేరు. ఇది నేను కావాలని వేసింది కాదు.

లెక్క సరిచేయడానికి కూర్చున్నప్పుడే ఇంకో సంగతి కనబడింది. ఈ లైను ఎవరి గురించైనా పాడుకోవచ్చు. నా స్నేహితుడు అందులో ఎక్కడా లేడు. వాడికి సంబంధించినవి ఏమున్నాయా అని ఒక పేజీ నిండా రాసుకున్నాను. వాడు వచ్చినప్పుడల్లా కూర్చునే కుర్చీ, దాన్ని ఎత్తకుండా నేల మీద లాగే అలవాటు, ఆ చప్పుడు. నాలుగో డ్రాఫ్టులో పల్లవి ఇలా మారింది:

రెండో కుర్చీ ఇంకా ఉంది
లాగే చప్పుడు మాత్రం లేదు

రెండో, కుర్చీ, ఇంకా: ఒక్కో మాటా ఒక్కో బీటు. చివరి 'ఉంది' మూడు మాత్రలే, కానీ లైను చివర కాబట్టి పాడేటప్పుడు సాగుతుంది. అంత్యప్రాస కూడా వదిలేశాను. తెలుగులో 'వచ్చాను, చూశాను, ఏడ్చాను' అని క్రియలు పెట్టుకుంటూ పోతే ప్రాస దానంతటదే వస్తుంది, దానికి పెద్దగా విలువ ఉండదు. 'ఉంది', 'లేదు' ఎదురెదురుగా నిలబడటం నాకు అంతకంటే బాగా నచ్చింది.

ఫీడ్‌బ్యాక్ అడిగే పద్ధతి కూడా మధ్యలో మార్చుకున్నాను. సాహిత్యం కాగితం ఇవ్వడం మానేశాను. ఫోన్‌లో పాడిన రికార్డింగు ఒక్కటే పంపి, మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. ఏ మాట అర్థం కాలేదు? ఎక్కడ ధ్యాస పక్కకి పోయింది? ఈ పాట ఎవరు ఎవరితో అంటున్నారు? "ఎలా ఉంది" అని అడిగితే మనిషి మొహమాటపడతాడు. "ఏ మాట వినపడలేదు" అంటే ఠక్కున చెప్తాడు.

అయిదో డ్రాఫ్టు విని అక్క అడిగిన ప్రశ్నకి నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. "అయ్యో, ఆ అబ్బాయి పోయాడారా?" అంది. నిజమే, ఖాళీ కుర్చీ అంటే ఎవరైనా అదే అనుకుంటారు. వాడు బతికే ఉన్నాడనీ, నేనే పలకరించలేకపోతున్నాననీ నాకు తెలుసు, పాటకి తెలియదు. పల్లవి ముట్టుకోకుండా రెండో చరణంలో ఈ రెండు లైన్లు చేర్చాను:

నెంబరు ఇంకా నోటికి వచ్చు
నొక్కే వేలికి ధైర్యం లేదు

మొత్తం పాటలో నాకు ఎక్కువ ఇష్టమైన చోటు ఇదే. అక్క అడగకపోతే ఇది పుట్టేది కాదు.

పై స్వరం దగ్గర ఇంకో తంటా. ట్యూన్‌లో అన్నిటికంటే పైకి వెళ్ళే స్వరం రెండో లైనులో 'చప్పుడు' మొదటి అక్షరం మీద పడేది. దాన్ని రెండు బీట్లు పట్టి ఉంచాలి. కానీ వెంటనే 'ప్పు' ఒత్తు వచ్చి పెదాలు మూసేస్తుంది. 'చ' ని సాగదీస్తే 'చాపుడు' అని వినిపిస్తోంది. ఇద్దరు వేర్వేరుగా "ఏం పుడు?" అని అడిగారు. మాట మార్చడం ఇష్టం లేక ట్యూన్‌నే కదిలించి, ఆ పై స్వరాన్ని 'లాగే' లోని 'లా' మీదికి తెచ్చాను. 'ఆ' కి నోరు బాగా తెరుచుకుంటుంది, ఎంతసేపైనా పట్టొచ్చు. పైగా లాగడమూ సాగడమూ ఒకటైపోయాయి.

నిడివి త్వరగానే తేలింది. 80 స్పీడులో ఒక ఆవర్తం, అంటే నాలుగు బీట్ల చుట్టు, 3 సెకన్లు. మొదటి సంగీతం 16 ఆవర్తాలు, అంటే 48 సెకన్లు ఎవరూ పాడకుండానే పోతోంది. దాన్ని నాలుగుకి తెచ్చాను. 12 ఆవర్తాల మూడో చరణం మొత్తం తీసేశాను. 4:48 ఉన్న పాట 3:36 అయింది.

అన్ని సలహాలూ తీసుకోలేదు. కీబోర్డు వాయించే స్నేహితుడు తిశ్ర నడకలో, అంటే బీటుకి మూడు మాత్రల్లో, పెట్టమన్నాడు. ఒక సాయంత్రం కూర్చుని ప్రయత్నించాం. నాలుగు మాత్రల మాటల్ని మూడింటిలో ఇరికిస్తుంటే 'కుర్చీ' కూడా ఉయ్యాలలా ఊగింది, బాధ పోయింది. ఇంకొకరు 'కుర్చీ' కవితలో పలికే మాట కాదన్నారు. ఉండనిచ్చాను. అయితే వాళ్ళు చెప్పిన మందు వద్దనుకున్నా, నొప్పి ఎక్కడ ఉందన్నారో ఆ చోటుని తప్పకుండా మళ్ళీ చూస్తున్నాను. తిశ్రం అడిగినతను నిజానికి చరణం ఒకే తీరుగా సాగుతోందని అంటున్నాడు. అది సరైన మాటే. చరణంలో రెండో లైను బీటు మీద కాకుండా అర బీటు ఆలస్యంగా ఎత్తుకుంటే ఆ విసుగు పోయింది.

ఆరో డ్రాఫ్టు తర్వాత తొమ్మిది రోజులు పాట ముట్టుకోలేదు. తిరిగి వింటే మొదటి చరణంలో ఒక లైను దొరికింది: 'కిటికీ పక్కన ఎండ పడితే'. పాడితే 'ఎండప డితే' అని విరుగుతోంది. 'ఎండే పడితే' అంటే లెక్క కుదురుతుంది గానీ ఆ 'ఏ' కి అక్కడ అర్థం లేదు, మాత్ర నింపడానికి పెట్టినట్టు తెలిసిపోతుంది. ఇప్పటికి పదకొండు రకాలుగా రాసి కొట్టేశాను. ఎండ తీసేసి కిటికీ పక్కన ఇంకేదైనా పెట్టాలేమో చూడాలి. ఆదివారం మళ్ళీ రికార్డు చేసి, కొత్త లైను గురించి ఏమీ చెప్పకుండా అక్కకి పంపుతాను.