పరీక్ష గది దాకా

మంగళవారం, రాత్రి

ఆంటీ ఆ ఉత్తరాన్ని సూట్‌కేసు అడుగున, పాస్‌పోర్టు ఉన్న కవర్లో పెట్టి దాచారు. మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీయించుకున్నాక ఆసుపత్రి పంపిన ఉత్తరం అది. మరికొన్ని చిత్రాలు తీయాలి, మళ్లీ రండి అని ఇంగ్లీషులో ఉంది. అందులో ఆమె పోల్చుకోగలిగిన మాట క్యాన్సర్ ఒక్కటే. కొడుక్కి చెప్పలేదు, కోడలికీ చెప్పలేదు. వలస వచ్చిన స్త్రీలకు క్యాన్సర్ పరీక్షల్లో తోడుండటం నా ఉద్యోగం. పోయిన వారం నేను ఫోను చేసి ఫలితం వచ్చిందా అని అడిగితే ముందు రాలేదన్నారు. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోను పెట్టేశాక ఉత్తరం ఫొటో పంపారు.

ఈ ఉదయం ఆమెను వెంటబెట్టుకుని ఆ రెండో పరీక్షకు వెళ్లాను. బస్సులో కూర్చున్నాక మెల్లగా నోరు విప్పారు.

"నాకేమైనా ఉందని తేలితే వీసా రద్దు చేసి పంపించేస్తారా అమ్మా?"

మీ పరీక్ష ఫలితం మీకూ డాక్టరుకీ మధ్య ఉండేది, దాన్ని ఆసుపత్రి వీసా ఆఫీసుకు పంపదు ఆంటీ అని చెప్పాను. తల ఊపారు కానీ అసలు భయం అది కాదని అర్థమవుతూనే ఉంది. కాసేపటికి అదీ చెప్పారు. మనవడికి ఇంకా రెండేళ్లు నిండలేదు. తాను మంచాన పడితే వాడిని చూసుకోవడానికి కోడలు ఉద్యోగం మానుకోవాలి. కోడలి జీతం లేకపోతే ఇంటి అద్దె కట్టలేరు. ఇన్నాళ్లూ ఆ ఉత్తరాన్ని సూట్‌కేసులో పెట్టుకుని ఆమె లోలోపల చేసుకున్న లెక్క ఇది.

వలస వచ్చిన స్త్రీలకు అవగాహన లేదు, అందుకే పరీక్షలకు రారు అని మా సమావేశాల్లో తరచుగా అంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. రానన్న ప్రతి మనిషి దగ్గరా ఒక కారణం ఉంటుంది. అది చాలావరకు ఇంటికో, పనికో, డబ్బుకో సంబంధించినదై ఉంటుంది. ఆ కారణం బయటపడేదాకా పక్కన కూర్చోవడమే నా ఉద్యోగంలో ముఖ్యమైన పని అని నేను అనుకుంటాను. కరపత్రాలు పంచడం ఎవరైనా చేస్తారు.

మళ్లీ పిలవడం గురించి దారిలోనే ఆమెకు వివరించాను. మొదటిసారి మామోగ్రామ్ తీయించుకున్నవాళ్లను మళ్లీ రమ్మనడం ఎక్కువగా జరుగుతుంది. ఏళ్లుగా తీయించుకుంటున్న స్త్రీ రొమ్ములో ఒక మచ్చ కనిపిస్తే డాక్టరు పాత చిత్రాలు పక్కన పెట్టి చూస్తారు. అది అప్పుడూ ఉండి, ఇప్పటికీ మారకుండా ఉంటే సాధారణంగా కంగారు పడరు. మన దగ్గర పాత చిత్రాలే ఉండవు. నలభై దాటాకో యాభై దాటాకో కొత్త దేశంలో తీసిందే మొదటి చిత్రం. అలా మళ్లీ పిలిచినవాళ్లలో ఎక్కువమందికి చివరికి క్యాన్సర్ ఉండదు. ఈ నాలుగు ముక్కలు ఆ ఉత్తరంలోనే ఆమె చదవగలిగిన భాషలో రాసి ఉంటే ఆమె ఇన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపేవారు కాదు. ఈ సంగతి రేపు ఆసుపత్రికి మరోసారి రాసి పంపుతాను.

పౌడరు వద్దని ముందే చెప్పినా, డాక్టరు దగ్గరికి వెళ్తున్నామని ఆంటీ మెడ నుంచి చంకల దాకా శుభ్రంగా అద్దుకుని వచ్చారు. పౌడరులోనూ చెమట వాసన పోవడానికి రాసుకునే వాటిలోనూ ఉండే రేణువులు చిత్రంలో చిన్న చిన్న తెల్లని చుక్కల్లా పడతాయి. క్యాన్సర్ తొలి దశలో కనిపించే కాల్షియం చుక్కలు కూడా అలాగే ఉంటాయి కాబట్టి చూసేవాళ్లకు తేడా తెలియకపోవచ్చు. టెక్నీషియన్ తడి తువ్వాలు ఇచ్చింది. నేను వీపువైపు నిలబడి గౌను ముడి విప్పాను, ఆంటీ తుడుచుకున్నారు. పరాయి మనిషి ముందు ఆ వయసులో అలా నిలబడటం ఆమెకు ఎంత కష్టంగా ఉందో భుజాలు చూస్తేనే తెలిసింది. మిషను పలక నొక్కిపెట్టి ఉంచేది కొన్ని క్షణాలేనని, నొప్పి భరించలేకపోతే ఆపమని చెప్పే హక్కు ఉందని చెప్పి నేను బయటికి వచ్చాను.

తర్వాత అల్ట్రాసౌండ్ కూడా చేశారు. నీటి తిత్తి అన్నారు. హాని లేనిది, ఏమీ చేయనక్కర్లేదు, మామూలు గడువుకు మళ్లీ వస్తే చాలు. డాక్టరమ్మ చెప్పింది నేను తెలుగులో చెప్పాను. ఆంటీ నన్ను రెండోసారీ మూడోసారీ చెప్పించుకున్నారు. ఆ తర్వాత ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "అయితే ఇది ఇంట్లో చెప్పనక్కర్లేదు కదా?" అని. మీ ఇష్టం ఆంటీ అన్నాను. నిజంగానే అది ఆమె ఇష్టం.

మధ్యాహ్నం భాష నేర్పే తరగతి అయిపోయాక అదే గదిలో ఆడవాళ్లతో కూర్చున్నాను. ఈసారి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి. వైరస్ పేరు ఎత్తగానే గదిలో మాటలు తగ్గిపోతాయని నాకు తెలుసు. ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ శారీరక సంబంధం ద్వారా సోకుతుంది. ఆ మాట చెప్పకుండా దాటవేస్తే తర్వాత ఇంటికి వచ్చే ఫలితం కాపురంలో నిప్పు పెడుతుంది. అందుకే మొదటే చెబుతాను. పెళ్లయిన ఆడవాళ్లలో, మగవాళ్లలో చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. ఎక్కువమందికి ఒకటి రెండేళ్లలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. కొందరిలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండిపోగలదు. కాబట్టి ఈ రోజు కనిపించిన వైరస్ ఎప్పటిదో, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. భర్తను అనుమానించడానికి గానీ భార్యను నిలదీయడానికి గానీ ఆ కాగితం పనికిరాదు. ఈ మాట చెప్పినప్పుడు మూల కూర్చున్న ఒకామె తల పైకెత్తి చూసింది. ఆమె ఏమీ అడగలేదు, నేనూ అడగలేదు.

వైరస్ వదలకుండా ఉండిపోయినా అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. నన్ను ఈ పనిలో నిలబెట్టింది ఈ సంగతే. అన్నేళ్ల వ్యవధి ఇచ్చే జబ్బు వల్ల 2022లో ప్రపంచంలో మూడున్నర లక్షల మంది స్త్రీలు చనిపోయారంటే నాకు మనసు ఊరుకోదు. 2030 నాటికి నూటికి 70 మంది స్త్రీలకు 35 ఏళ్ల లోపు ఒకసారి, 45 లోపు మరోసారి పరీక్ష జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం పెట్టింది. ఈ గదిలో నలభై దాటినా ఒక్కసారి కూడా చేయించుకోనివాళ్లే ఎక్కువ.

సొంతంగా నమూనా తీసుకునే పుల్లను సంచిలోంచి తీసి చేతికి ఇచ్చాను. చివర మెత్తగా ఉండే సన్నని పుల్ల. తలుపు వేసుకుని, ఎవరూ చూడకుండా, తామే లోపల తిప్పి తీసి గొట్టంలో పెట్టి ఇవ్వవచ్చు. హెచ్‌పీవీ పరీక్షకు అది చాలు. ఒకరి నుంచి ఒకరికి పుల్ల చేతులు మారింది. ఎంత లోపలికి పెట్టాలి, నెలసరిలో ఉంటే ఎలా, గర్భసంచి తీసేసినవాళ్లకూ అవసరమా, ఇలా ప్రశ్నలు మొదలయ్యాయి. అప్పటిదాకా నోరు మెదపనివాళ్లు కూడా అడిగారు. డాక్టరు ముందు కాళ్లు చాపి పడుకోవడం ఒక్కటే ఎంతమందిని ఆపుతోందో ఆ పుల్ల చేతికి ఇచ్చాకే తెలుస్తుంది.

గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన కణాలను మైక్రోస్కోపులో చూసే పాప్ పరీక్ష ఎలా వచ్చిందో కూడా చెప్పాను. నాకు ఎంతో ఇష్టమైన కథ. జార్జ్ పాపనికొలావ్, ఆయన భార్య ఆండ్రోమాకి 1913లో గ్రీసు నుంచి న్యూయార్క్ చేరారు. ఇంగ్లీషు సరిగా రాదు. వైద్యం చదివిన మనిషి దుకాణంలో తివాచీలు అమ్మాడు, ఆమె గుండీలు కుట్టింది. తర్వాత ఆయనకు ప్రయోగశాలలో పని దొరికింది. ఆరోగ్యంగా ఉన్న స్త్రీలో కణాలు ఎలా ఉంటాయో రోజు రోజుకీ చూడాల్సి వచ్చినప్పుడు, ఏళ్ల తరబడి నమూనాలు ఇచ్చింది ఆండ్రోమాకియే. ఆ కణాలను చూసి క్యాన్సర్‌ను గుర్తించవచ్చని 1928లో ఆయన మొదటిసారి చెబితే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1940ల్లో గానీ వైద్యలోకం ఒప్పుకోలేదు. పరీక్షకు ఆయన పేరు పెట్టారు.

"ఆవిడ పేరు పెట్టాల్సింది" అంది ముందు వరసలో కూర్చున్నామె. అందరూ అవునన్నారు. నేనూ అవునన్నాను.

తరగతి ముగిశాక ఒక తల్లి పన్నెండేళ్ల కూతురితో వచ్చి, డాక్టరు దగ్గర ఈ పిల్లే మాట్లాడుతుంది, మీరు రానక్కర్లేదు అంది. తల్లి రక్తస్రావం గురించి, ఆమె కాపురం గురించి ఆ పిల్ల నోటితో చెప్పించకూడదు. తల్లి దాచేస్తుంది, పిల్ల సగం మింగేస్తుంది, డాక్టరుకు మిగిలేది ఏమీ ఉండదు. ఆ మాటే ఆమెకు పక్కకు పిలిచి చెప్పాను. ఆలోచిస్తానంది. మరొకామె మాత్రం రానని తేల్చి చెప్పింది. వాళ్ల అమ్మకు క్యాన్సర్ అని తెలిసిన నెలల్లోనే పోయిందట, తెలియకపోతే ఇంకొన్నాళ్లు బతికేదని ఆమె నమ్మకం. అమ్మకు లక్షణాలు ముదిరాక తెలిసిందని, పరీక్ష అంతకంటే చాలా ముందు పట్టుకోవడానికేనని చెప్పాను. ఇవాళ ఆమెకు అది వినిపించే స్థితి లేదు. వచ్చే నెల మళ్లీ పలకరిస్తాను.

ఇంటికి వచ్చాక కూడా ఫోన్లతోనే గడిచింది. రాత్రిళ్లు ఆఫీసులు తుడిచే అమ్మాయికి పగలంతా నిద్ర, క్లినిక్‌కి పగలే పని. సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుంది. శనివారం పొద్దున ఆడ నర్సు ఉంటుందని చివరికి ఒక చోట ఒప్పుకున్నారు. ఆ అమ్మాయికి ఫోను చేస్తే, "ఆరింటికి డ్యూటీ దిగి నిద్రపోకుండా నేరుగా వచ్చేస్తాను అక్కా, కూర్చోవడానికి చోటుంటే చాలు" అంది. ఎనిమిది కాకముందే తలుపు తీస్తారా అని నర్సును అడిగాను. ఏడున్నరకే వస్తానంది.