పది పూసల తర్వాత వచ్చే చిన్న జపం

కతోలికుల జపమాలలో ప్రతి పది పూసలూ పూర్తయి, పిత, పుత్ర, పవిత్రాత్మలకు మహిమ చెప్పే త్రిత్వ స్తోత్రం ముగిశాక ఒక చిన్న జపం వస్తుంది. యేసువా, మా పాపాలు మన్నించు, నరకాగ్ని నుంచి కాపాడు, ఆత్మలన్నిటినీ మోక్షానికి చేర్చు, ముఖ్యంగా అవసరం ఎక్కువగా ఉన్నవారిని అని. మా ఇంట్లో దీన్ని కాస్త పరుగుమీదే చెబుతాం. వేలు అప్పటికే పెద్ద పూస మీదికి జారిపోయి ఉంటుంది. ఒక్క సాయంత్రంలో నరకం అనే మాట ఐదుసార్లు నోట్లో నుంచి వెళ్లిపోతుంది, ఎవరూ ఉలిక్కిపడరు.

ఈ జపం పోర్చుగల్‌లోని ఫాతిమా నుంచి వచ్చింది. మన కాజీపేటలోని వరంగల్ మేత్రాసన (బిషప్ పరిధిలోని ప్రాంతం) ప్రధాన దేవాలయానికి ఉన్నది ఆ ఫాతిమామాత పేరే. 1917 జూలై 13న గొర్రెలు కాసే ముగ్గురు పిల్లలకు, పదేళ్ల లూసియాకు, తొమ్మిదేళ్ల ఫ్రాన్సిస్కోకు, ఏడేళ్ల జసింతాకు దేవమాత మరియ నరకాన్ని చూపించిందని లూసియా 1941లో రాసింది. నిప్పుల సముద్రం, అందులో కాలే నిప్పుకణికల్లాంటి ఆత్మలు. ఈ జపాన్ని నేర్పింది కూడా ఆ రోజే.

దీన్ని కతోలికులు నమ్మి తీరాలా? 1930లో, ఫాతిమా ఉన్న లైరియా ప్రాంతపు మేత్రాణులు (బిషప్) ఆ దర్శనాలు నమ్మదగినవని ప్రకటించారు. నమ్మదగినవి అన్నారు, అంతే. క్రీస్తులో దేవుడు చెప్పవలసిందంతా చెప్పేశాడు. దర్శనాలు దానికి ఏమీ కలపలేవు, ఒక కాలంలో దాన్ని మరింత బాగా జీవించడానికి సాయపడతాయంతే అని కతోలిక శ్రీసభ బోధల గ్రంథమైన సత్యోపదేశం 67వ పేరా చెబుతుంది. ఫాతిమా దర్శనాన్ని పక్కన పెట్టిన కతోలికుడు విశ్వాసం తప్పినవాడు కాడు. నరకాన్ని పక్కన పెట్టడం మాత్రం కుదరదు, అది సువిశేషంలోనే ఉంది. అయితే దేవుడు ఎవరినీ నరకానికి ముందుగా నిర్ణయించడు, బుద్ధిపూర్వకంగా ఆయనకు పెడముఖం పెట్టి చివరిదాకా అలాగే ఉండిపోయినవారిదే ఆ దూరం అని అదే గ్రంథం 1037లో అంటుంది. ఫలానా మనిషి నరకంలో ఉన్నాడని శ్రీసభ ఇంతవరకు ఒక్కరి విషయంలోనూ ప్రకటించలేదు.

మన ఫోన్లకు వచ్చే సందేశాలకు ఈ జంకు లేదు. ఎవరో నరకం చూసి వచ్చారట, అక్కడ ఫలానావాళ్లు కనిపించారట, పదిమందికి పంపకపోతే కీడట. ఇటువంటివి చదివినప్పుడు నాకు నరకం కంటే రాసినవారి ఉత్సాహమే ఎక్కువ భయం కలిగిస్తుంది. అందులో కాలేది ఎప్పుడూ పొరుగువాళ్లే.

ఫాతిమా జపంలో మొదట వచ్చేది మా పాపాలు. ఆ తర్వాత ఆత్మలన్నీ. నరకం చూశానన్న పిల్లల నోట మిగిలింది ఈ మాటలే.

జసింతా ఎవరినీ బెదిరించినట్టు లూసియా రాయలేదు. పాపుల కోసం ఏదైనా త్యాగం చేయాలని పిల్లలు అనుకున్నప్పుడు, ఇంటి నుంచి తెచ్చుకున్న మధ్యాహ్న భోజనం గొర్రెలకు పెట్టేద్దామన్నాడు ఫ్రాన్సిస్కో. ఆ తర్వాత దారిలో పేదపిల్లలు కనిపిస్తే, వాళ్లకు ఇచ్చేసేవారు.