మల్లి నొప్పి మందు, 7వ వారం: సిరంజిలో 0.88 మి.లీ., కడుపులోకి ఎంత?

పదమూడు రోజులుగా ఒకే లెక్కతో కుస్తీ పడుతున్నాను. నిన్న సాయంత్రానికి చిక్కుముడి సగం విడింది. ఆ ఉత్సాహం చల్లారకముందే రాసేస్తున్నాను.

మా కుందేలు మల్లికి ఎనిమిదేళ్లు, బరువు 2.2 కిలోలు, వెన్నుపూసల మధ్య ఎముక పెరిగింది. డాక్టర్ గారు రాసింది మెలాక్సికామ్, కిలోకు 0.6 మి.గ్రా., రోజుకు ఒకసారి. మా సీసాలో మి.లీ.కి 1.5 మి.గ్రా. ఉంటుంది కాబట్టి 0.88 మి.లీ. పిల్లుల కోసం వచ్చే 0.5 సీసా అయితే అదే మోతాదుకు 2.64 మి.లీ. కావాలి. సీసా మారిన రోజు పాత గీత దాకా లాగితే కొంప మునుగుతుంది, అందుకే మూత మీద పెద్ద అక్షరాలతో 1.5 అని రాసి పెట్టాను. మెటాకామ్ (ఇదే మందు, ఒక బ్రాండు పేరు) డబ్బాలో వచ్చే సిరంజి మీద గీతలు కుక్క బరువును బట్టి ఉంటాయి, మనకు పనికిరావు. కుక్కకు రోజూ ఇచ్చేది కిలోకు 0.1 మాత్రమే. కుందేలు ఒంట్లోంచి ఈ మందు త్వరగా వెళ్లిపోతుంది కాబట్టి మోతాదు అంత పెద్దది. గీతలు సన్నగా ఉండే 1 మి.లీ. సిరంజి ఒక్కటే నాకు నమ్మకం.

బాగుపడినవి: మడమల పుండ్లు మానాయి. లిట్టర్ బాక్స్ అంచు 12 సెం.మీ. నుంచి 5కి కోశాను, ఆ రోజే ఎక్కి కూర్చుంది.

ఇక తెగనిది. ఐదో వారం చివర్లో మల్లి మళ్లీ ముడుచుకుని కూర్చోవడం మొదలైంది. కళ్లు, బుగ్గలు, ముక్కు, మీసాలు, చెవులు, ఒక్కోదానికి 0 నుంచి 2 దాకా వేసే ముఖకవళికల నొప్పి స్కోరు రెండు నుంచి ఐదుకు పోయింది. మోతాదు పెంచమని డాక్టర్ గారికి మెసేజ్ సగం టైప్ చేశాను కూడా. అప్పుడు చూశాను, దాని గడ్డం కింద బొచ్చు తడిగా, తేనె వాసనతో ఉంది.

మర్నాటి నుంచి 0.01 గ్రాముల త్రాసు తీశాను. నిండు సిరంజి, ఖాళీ సిరంజి, గడ్డం కింద పెట్టిన టిష్యూ ముందూ తర్వాతా, అన్నీ వెంటవెంటనే తూచాను. అన్నీ బరువులే కాబట్టి మందు సాంద్రతతో పని లేదు, నిష్పత్తి చాలు. ఐదు రోజులు టిష్యూలోకి పోయింది ఇదీ: 31, 22, 40, 18, 35 శాతం. సగటున 29. అంటే కిలోకు 0.6 అనుకుంటూ నేను ఇస్తున్నది 0.42 దగ్గర, అదీ రోజుకో రకంగా. బొచ్చుకు అంటినది ఈ లెక్కలో లేదు. కాళ్లు నాకేటప్పుడు అందులో కొంత లోపలికి పోతుందేమో, అది నేను తూచలేను. మిగతాదంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఎందుకు కారుతోంది? మొదటి అనుమానం సిరంజి మీదే. పదేపదే కడిగితే పిస్టన్ రబ్బరుకున్న నునుపు పోతుంది, ముందు కదలదు, తర్వాత ఒక్కసారిగా దూకి అర మి.లీ. చిమ్ముతుంది. కొత్తది తీశాను. ఒళ్లో కూర్చోబెట్టి తల పైకెత్తడం మానేశాను, అలా ఇస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. ఇప్పుడు నేల మీదే, తల సహజంగా ఉండగా, ముందు పళ్ల వెనక ఖాళీలోంచి 0.2 చొప్పున, నమలడం ఆగాక ఇంకొంచెం. సీసా బాగా కలపడం ఎలాగూ తప్పదు, మందు అడుగున పేరుకుంటుంది. అరటిపండులో కలిపి పెట్టడం నాకు నచ్చదు, సగం వదిలేస్తే ఎంత తిన్నదో ఎవరు చెప్పాలి?

తర్వాతి ఏడు రోజులు: 9, 6, 11, 34, 8, 29, 7.

ఆ 34, 29 నన్ను నిద్రపోనివ్వలేదు. అదే సిరంజి, అదే సమయం, అదే చోటు. నోట్స్ తిరగేస్తే దొరికింది, ఆ రెండు రోజులూ మల్లి గోడవైపు తిరిగి కూర్చుంటే ఎడమ పక్క నుంచి ఇచ్చాను. నిన్న కావాలనే సగం కుడి నుంచి, సగం ఎడమ నుంచి ఇచ్చి విడిగా తూచాను. కుడి 5 శాతం, ఎడమ 27. ఎడమ నుంచి ఇచ్చినప్పుడు తల విదిలిస్తోంది.

నా చేతివాటం వల్ల కావచ్చు. కానీ కుందేలు దవడ పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అంచు మొనదేలితే నాలుకనో బుగ్గనో కోస్తుంది. బరువు కూడా 2.17కి దిగింది. వెన్ను కోసం ఇస్తున్న మందు ఇన్నాళ్లూ పంటి నొప్పిని కప్పి ఉంచిందేమో అని భయంగా ఉంది.

డాక్టర్ గారికి అంకెలన్నీ పంపాను. మోతాదు పెంచవద్దన్నారు. కారడం ఆగితే చాలు, అదే దాదాపు 40 శాతం పెరిగినట్టు. ఆ రోజు మెసేజ్ పూర్తిచేసి పంపి ఉంటే, పెంచిన మోతాదు ఇప్పుడు పూర్తిగా లోపలికి పోయి ఉండేది. నీళ్ల గిన్నె రోజూ తూచమన్నారు, ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మందు కిడ్నీల మీద పడుతుంది. మేత ముట్టకపోయినా, పెంటికలు చిన్నవైనా మందు ఆపి వెంటనే ఫోన్ చేయాలి. స్టెరాయిడ్ ఏదీ దీనితో కలిపి ఇవ్వకూడదు.

గురువారం దవడ పళ్లు చూపిస్తున్నాం, అవసరమైతే మత్తిచ్చి తల ఎక్స్‌రే తీస్తారు. అదే రోజు కిడ్నీల పనితీరు చూడడానికి యూరియా, క్రియాటినిన్‌కి రక్తం ఇస్తాం. వెన్ను నొప్పికి ఇది చాలకపోతే గాబాపెంటిన్ (ఇంకో రకం నొప్పి మందు) జోడించే సంగతి అడుగుతాను. మనుషుల సిరప్‌లో జైలిటాల్ (తీపి కోసం కలిపేది) ఉండొచ్చు కాబట్టి లేబుల్ ఫోటో తీసుకెళ్తున్నాను. అప్పటిదాకా కుడి పక్క నుంచే, 0.2 చొప్పున.