అక్క షూ

మొన్న మావాణ్ణి సమ్మర్ క్యాంప్‌లో దింపి గేటు దగ్గరే నిలబడిపోయా. పొద్దున ఆరింటికే పిల్లల అరుపులు, సున్నం గీతలు, సర్ విజిల్, అన్నీ అవే, వాటితోపాటు ఆ షూ కూడా గుర్తొచ్చింది.

1999. మలక్‌పేట్ వైపు ఓ గ్రౌండ్, నాకు పదేళ్ళు. మా బ్యాచ్‌లో ఒకడు అమ్మాయిల స్కూల్ షూ వేసుకొచ్చేవాడు, నల్లవి, పక్కన బకల్. వాళ్ళక్కవి అని మొదటిరోజే తెలిసిపోయింది, ఇంక వాడి పేరు ఎవడికీ అక్కర్లేదు. అక్కా బాల్ ఇయ్యి, అక్కా నీళ్ళు తే. సర్ కూడా ఒకసారి అలాగే పిలిచి నవ్వాడు, ఆ తర్వాత మమ్మల్ని ఆపేదెవరు!

మే 26న శ్రీలంక మీద గంగూలీ 183, ద్రావిడ్ 145 కొట్టారు కదా, తెల్లారి గ్రౌండ్‌లో ప్రతివాడూ గంగూలీనే, బౌలింగ్ వేసే దిక్కు లేదు. బాల్ అక్క చేతిలో పెట్టాం. ఫస్ట్ బాల్‌కే మా లీడర్ గాడి మిడిల్ స్టంప్ లేచిపోయింది. భలే బాల్ అది. అప్పుడు ఎవడూ అనలేదు.

క్యాంప్ అయ్యాక వాడు షూ విప్పి కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. పక్కన వేపచెట్టు మీద తొండలుండేవి, ఎండాకాలం మగ తొండకి మెడ ఎర్రగా అవుతుంది, దూరం నుంచే మన రక్తం పీలుస్తుందని నమ్మేవాళ్ళం (పాపం అది ఆడ తొండ కోసం సోకులు పడటమట, చాలా ఏళ్ళకి తెలిసింది). చీపురుపుల్లకి దారంతో ఉచ్చు కట్టి లీడర్ ఒకదాన్ని పట్టాడు. "షూ పట్టు బే" అన్నాడు. పట్టుకున్నా. బెదిరించాడని రాద్దామనిపించింది గానీ, లేదు, ఎవరూ బెదిరించలేదు. తొండ బయటికి రాకుండా వేపాకు కుక్కింది కూడా నేనే, దాని గోళ్ళు నా వేలికి గీరుకున్నాయి.

"అక్కా, సర్ పిలుస్తుండు, ఉరుకు!"

వాడు తడికాలు దూర్చి, ఏదో అడ్డం తగిలితే ఇంకా గట్టిగా తొక్కి, అప్పుడు అరిచాడు. మేం కింద పడి నవ్వుడే నవ్వుడు. దులిపితే పడింది, మెడ ఎరుపంతా పోయి బూడిదరంగులో. నేను చివరిదాకా నవ్వా.

ఏడుస్తాడేమో అని చూస్తున్నాం. వాడు ఏడవలేదు, షూ కుళాయి కింద పెట్టి, లోపలికి వేళ్ళు పోనిచ్చి రుద్దుతూనే ఉన్నాడు, "స్కూల్ తెరిస్తే అక్క ఇవే ఏస్కోవాలె, అక్క ఇవే ఏస్కోవాలె" అనుకుంటూ, మా వైపు చూడకుండా.