కంప్రెసర్ పక్కమూత: నాలుగో గ్యాస్కెట్ కూడా కారింది

ఈ ఉదయం షెడ్డు తలుపు తీయగానే, కంప్రెసర్ కింద పరచిన తెల్ల కాగితం మీద మళ్లీ 3 నూనె చుక్కలు కనిపించాయి. క్రాంక్‌కేసు (అడుగున నూనె ఉండే పెట్టె) పక్కమూత అతుకులో సందు మూయడానికి వేసిన నాలుగో గ్యాస్కెట్ ఇది. హెడ్డు, వాల్వు ప్లేటు, సిలిండరు పాదం మొదటిసారికే కుదిరాయి. ఈ రేకు మూత ఒక్కటే నెలన్నరగా నా ఆదివారాలను తినేస్తోంది.

మూత 2 మి.మీ. మందపు రేకు, దానికి 6 మి.మీ. బోల్టులు ఆరు. కింది అంచులో రెండు బోల్టుల మధ్య దూరం 96 మి.మీ. కంప్రెసర్ ఆగినప్పుడు నూనె మట్టం ఆ అంచుకు 10 మి.మీ. పైనే ఉంటుంది కాబట్టి, అక్కడ సందు దొరికితే కారక మానదు.

మొదట 0.5 మి.మీ. ఆయిల్ పేపరు వేశాను. గంటలోనే కారింది. మూతను దళసరి గాజు పలక మీద బోర్లించి ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పలుచని రేకు) దూర్చి చూస్తే, కింది అంచు నడుమ 0.28 మి.మీ. సందు తేలింది. విప్పిన పేపరును బోల్టు పక్కన మైక్రోమీటరుతో కొలిస్తే 0.42 వచ్చింది, అంటే అది అణిగింది 0.08 మాత్రమే. అంత సందును ఆ కాగితం ఎలా పూడుస్తుంది?

రెండోసారి 0.8 మి.మీ. పేపరు. కత్తిరించి ఏసీ గదిలో పది రోజులు ఉంచడం నా తెలివితక్కువతనం. 140 మి.మీ. ఉండవలసిన రంధ్రాల దూరం 138.5కు తగ్గి, బోల్టులు ఎక్కలేదు. జిగురు, గ్లిసరిన్ పట్టించిన మొక్కల నార కాగితం గాలిలోని తేమను బట్టి సాగుతుంది, ముడుచుకుంటుంది. అరగంట నీళ్లలో నానబెడితే కొలతకు వచ్చింది గానీ, బిగించాక కారింది మాత్రం పాత చోటనే.

మూడోది 3 మి.మీ. సాదా కార్క్. రబ్బరును నొక్కితే పక్కలకు ఉబ్బుతుంది. కార్క్ కణాలలో గాలి ఉంటుంది కనుక, నొక్కినప్పుడు గోడలు లోపలికి మడతపడతాయే తప్ప పక్కలకు పెద్దగా పాకదు. బలహీనమైన మూతలకు అది నప్పడానికి కారణం ఇదే. అయితే కారడం ఆగాలన్న ఆత్రంలో 8 న్యూటన్ మీటర్ల మెలితిప్పు బలంతో బిగించాను. బోల్టుల దగ్గర 1.3 మి.మీ.కు నలిగి, ఎడమ కింది రంధ్రం దగ్గర చీలిపోయింది. నడుమ మాత్రం ఇంకా 2.6 ఉంది.

ఇప్పుడున్నది నైట్రైల్ రబ్బరు కలిపిన 3 మి.మీ. కార్క్. ఎదురెదురు బోల్టులను వరుసగా 4 న్యూటన్ మీటర్లకే బిగించి, గంట నడిపాక మరోసారి సరిచూశాను. నేను షీట్లు కొన్న చెన్నై సెంబుదాస్ వీధి దుకాణంలో నూనెకా, నీళ్లకా, వేడెంత అని అడిగారు. మూత ఎంత గట్టిదని ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. అంబత్తూరులో లేతు నడిపే నెల్లూరు పెద్దాయన మాత్రం మూతను వేలితో తట్టి, "తప్పు కార్క్‌ది కాదబ్బాయ్, రేకుది," అన్నారు. నిజమే, పాత బిగింపులకు ప్రతి రంధ్రం చుట్టూ రేకు 0.2 మి.మీ. లోపలికి గుంటపడి ఉంది.

సిలికాన్ దట్టంగా పూయమని సలహాలు వస్తున్నాయి. అనాబాండ్ 666 అనే సిలికాన్ పేస్టు మంచిదే, కానీ దాని చోటు గ్యాస్కెట్ లేని అతుకు. తడి సిలికాన్ మీద కార్క్ జారి బయటికి పాకుతుంది. పూయక తప్పకపోతే నేను గట్టిపడని సీలెంటు హైలోమార్‌నే ఎంచుకుంటాను, అదీ మూత వైపు మాత్రమే.

మరో అనుమానం కూడా ఉంది. రాత్రంతా ఆగి ఉండగా పడినవి 3 చుక్కలైతే, నిన్న సాయంత్రం నడిచిన అరగంటలోనే 11 పడ్డాయి. నూనె పోసే రంధ్రానికి నీళ్లు నింపిన పారదర్శక గొట్టాన్ని బిగించి చూస్తే నీటి మట్టాల మధ్య 45 మి.మీ. తేడా కనిపించింది, అంటే లోపల గాలి ఒత్తిడి ఉంది. క్రాంక్‌కేసు గాలిని బయటికి వదిలే బ్రీదర్‌లోని ఫెల్టు వడపోత మడ్డితో మూసుకుపోయి, పిస్టన్ రింగుల పక్కగా దిగే గాలి పోవడానికి దారి లేక నూనెను తోస్తోందేమో.

వచ్చే ఆదివారం ముందు బ్రీదర్‌ను కిరోసిన్‌లో కడుగుతాను. తరువాత రంధ్రాల గుంటలను చెక్కదిమ్మ మీద సుత్తితో చదును చేసి, బోల్టు తలల కింద 5 మి.మీ. ఇనుప పట్టీని చుట్టూ వేయాలి. దానిని పెద్దాయన లేతు షాపులోనే కోయించాలి. అప్పటికీ కారితే 6 మి.మీ. అల్యూమినియం పలకతో కొత్త మూతే, దానికి మళ్లీ 0.5 పేపరే. కొత్త షీటును మాత్రం ఏసీ గదిలో కాకుండా షెడ్డులోనే పెట్టాను.