కీబోర్డ్ లేని ముగ్గురం: పది వారాల గిటార్ డైరీ

మొదటి వారం

గుత్రీ గోవన్, బ్రయన్ బెల్లర్, మార్కో మినెమాన్ కలిసి 2011లో ది అరిస్టోక్రాట్స్ అనే బ్యాండ్ మొదలుపెట్టారు. వాళ్లను విన్నప్పటి నుంచి నాకు అదే పిచ్చి. గిటార్, బాస్, డ్రమ్స్, అంతే. గొంతు లేదు, కీబోర్డ్ లేదు. గిటార్ వాయించే గోవన్ వేళ్లు చూస్తూ "ఈ స్పీడ్ నాకెప్పుడొస్తుందో" అనుకోవడంతోనే ఏళ్లు గడిచిపోయాయి. ఇన్నాళ్లకు నాకూ ఒక బాసిస్టు, ఒక డ్రమ్మరు దొరికారు. ముగ్గురం ఉద్యోగస్తులమే, కాబట్టి వారానికి ఒక్క పూట, మూడు గంటలు. పది వారాల్లో నాలుగు ట్యూన్లు, మొత్తం 25 నిమిషాలు, ఒక చిన్న స్టేజీ మీద వాయించాలని పెట్టుకున్నాం.

మొదటి రిహార్సల్ ఫోన్‌లో రికార్డ్ చేశాను. మెలొడీ నడిచినంతసేపూ బాగానే ఉంది. నేను సోలో ఎత్తుకోగానే, సామాను ఖాళీ చేసిన ఇంట్లో మాట్లాడినట్టుంది. అప్పటిదాకా కార్డ్స్ (కలిపి మోగే స్వరాలు) వేస్తున్నది నేనే మరి. నేను సోలోకి వెళ్లానంటే వాటిని వేసేవాళ్లే లేరు. ఇంట్లో ప్రాక్టీస్‌కి పెట్టుకునే బ్యాకింగ్ ట్రాక్‌లోని (రికార్డ్ చేసిన తోడు సంగీతంలోని) కీబోర్డ్ ఇన్నాళ్లూ నన్ను మోసిందని అప్పుడు తెలిసింది.

రెండు, మూడు వారాలు

ఖాళీ నింపాలని ఎక్కువ నోట్లు, ఎక్కువ గెయిన్ (సౌండ్‌కి గరుకుదనం), ఎక్కువ రివర్బ్ (హాల్లో మోగినట్టుండే ప్రతిధ్వని). వింటే అంతా బురద. డ్రమ్మర్ ఒక్క మాటే అన్నాడు: "నువ్వు కాస్త ఆగితేనే కదా, నేనేం వాయించాలో తెలిసేది." కోపమొచ్చింది. ఇంటికెళ్లి రికార్డింగ్ విన్నాక తగ్గింది.

నాలుగో వారం

మొత్తంలో ఎక్కువ పనికొచ్చింది ఇదే, కాబట్టి వివరంగా రాసుకుంటున్నాను. కార్డ్‌లో రూట్ నోట్, అంటే కార్డ్‌కి పేరిచ్చే స్వరం, బాసిస్ట్ వాయిస్తాడు. దాన్ని ఒకటిగా లెక్కపెట్టి, నేను మూడో నోటు, ఏడో నోటు వేస్తే చాలు, చెవికి మొత్తం కార్డ్ వినిపిస్తుంది. రెండు తీగలు, రెండు వేళ్లు. ఉదాహరణకి ఇ మైనర్ సెవెన్ కార్డ్: నాలుగో తీగ 5వ ఫ్రెట్, అంటే గిటార్ మెడ మీది 5వ మెట్టు (జి), మూడో తీగ 7వ ఫ్రెట్ (డి). అక్కడి నుంచి ఎ సెవెన్‌కి వెళ్లాలంటే జి మీద వేలు కదలదు, డి ఒక్క ఫ్రెట్ దిగి సి షార్ప్ అవుతుంది. తర్వాత డి మేజర్ సెవెన్: ఈసారి సి షార్ప్ కదలదు, జి ఒక్క ఫ్రెట్ దిగి ఎఫ్ షార్ప్. ఒకసారి ఒక వేలు, ఇంకోసారి ఇంకో వేలు, ఒక్కో ఫ్రెట్. ఒక్క వేలితో ఆరు తీగలూ నొక్కే బారే కార్డ్స్‌తో ఇన్నేళ్లు చేతులు ఎందుకు నొప్పి పుట్టించుకున్నానో!

సోలోలో ప్రతి రెండు బార్లకీ (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం) ఒకసారి ఈ రెండు నోట్లు చిన్నగా కొట్టి వదలడం ప్రాక్టీస్. మొదట్లో లెక్క తప్పింది. కొన్నాళ్లు సోలోనే మానేసి, "రెండు బార్లు లైన్, ఒక కొట్టుడు" అని ఊరికే తిప్పాను. రోజూ 20 నిమిషాలు, 80 బీపీఎం (నిమిషానికి 80 బీట్లు).

ఆరో వారం

మూడో ట్యూన్ 7/8, అంటే బార్‌కి ఏడు ఎయిత్ నోట్లు. నేను తకిట తకధిమి అని లెక్కపెడుతున్నాను, అంటే మూడు, నాలుగు. బాసిస్ట్ మనసులో తకధిమి తకిట నడుస్తోంది. ప్రతి బార్ మొదట్లో ఇద్దరం కలుస్తున్నాం, మధ్యలో మాత్రం దెబ్బలాట. అందుకే చాలాసేపు తప్పు ఎక్కడుందో దొరకలేదు. చివరికి వాయిద్యాలు పక్కన పెట్టి, ముగ్గురం చప్పట్లు కొడుతూ నోటితో చెప్పుకున్నాం. పది నిమిషాల్లో సర్దుకుంది. 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే బ్యాండ్ పెట్టిన గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ వీణ కూడా నేర్చుకున్నాడు. ఆ బేసి లెక్కలు ఆయన చేతిలో ఎందుకంత తేలిగ్గా నడుస్తాయో ఇప్పుడు కాస్త అర్థమవుతోంది.

మెట్రోనోమ్ (లయకి క్లిక్ కొట్టే పరికరం) సెట్టింగ్: ఎయిత్ నోట్లు నిమిషానికి 210 అయితే, బార్‌కి ఒక్క క్లిక్ కావాలంటే 30 పెట్టాలి. మధ్యలో ఆరు దెబ్బలు మనమే మొయ్యాలి. భలే టెన్షన్.

ఎనిమిదో వారం

ఆంప్‌లో (గిటార్ సౌండ్ పెంచే పెట్టెలో) గెయిన్ 7 నుంచి 4కి దించాను, మిడ్స్ (మధ్యస్థాయి ధ్వని) పెంచాను. గిటార్ వాల్యూమ్ నాబ్ కార్డ్స్‌కి 6, సోలోకి 10. రివర్బ్ దాదాపు తీసేశాను. బాలడ్‌లో (నెమ్మది ట్యూన్‌లో) మాత్రం డిలే, అంటే వాయించింది కాస్త ఆగి మళ్లీ వినిపించడం. దాని వేగం 80 బీపీఎం, కాబట్టి నిమిషంలోని 60,000 మిల్లీసెకన్లని 80తో భాగిస్తే 750 మిల్లీసెకన్లు, ఒకటి రెండు రిపీట్లు, మిక్స్ తక్కువ.

గెయిన్ తగ్గేసరికి నా లెగాటో (నోట్లు తెగకుండా కలిపి వాయించడం) బండారం బయటపడింది. చిటికెన వేలి హామర్ ఆన్ (పిక్ లేకుండా వేలితో తీగని కొట్టి మోగించడం) అసలు వినపడటం లేదు. గిటారిస్ట్ అలన్ హోల్డ్స్‌వర్త్ తన గిటార్ నుంచి శాక్సోఫోన్ లాంటి ధార కోరుకున్నాడు, నోటుకీ నోటుకీ మధ్య పిక్ చప్పుడు లేకుండా. ఆ ధార నాకు రాదు గానీ, క్లీన్ సౌండ్‌లో, 60 బీపీఎంలో, ఉంగరం వేలు నుంచి చిటికెన వేలికి రోజూ ఐదు నిమిషాలు. నొప్పి మొదలైతే ఆపెయ్యాలి.

పదో వారం

షో అయింది. రెండో ట్యూన్ మధ్యలో సౌండ్ పూర్తిగా పోయింది. పెడల్స్ (కాలితో నొక్కి సౌండ్ మార్చే పెట్టెలు) మధ్య ఉండే చిన్న కేబుల్ చచ్చిపోయింది. అది వెతికే టైమ్ లేక మొత్తం పెడల్ బోర్డ్ పీకేసి, గిటార్‌ని నేరుగా ఆంప్‌లోకి గుచ్చాను. ఆ కాసేపూ బాసిస్ట్, డ్రమ్మర్ ఇద్దరే నడిపించారు. నేనక్కడ ఇబ్బంది పడుతున్నానని చూసినవాళ్లలో సగంమందికి తెలియలేదట!

డిలే లేకుండానే బాలడ్ వాయించాల్సి వచ్చింది. సోలో మధ్యలో ఏం చెయ్యాలో తోచక జి, సి షార్ప్ కొట్టి రెండు బార్లు ఊరుకున్నాను. రికార్డింగ్‌లో సరిగ్గా అక్కడే బాస్ పైకి లేచింది, డ్రమ్మర్ బ్రష్‌ల నుంచి కర్రలకి మారాడు. ఆ రెండు బార్లూ ఇప్పటికి ఆరేడు సార్లు విన్నాను.

కొత్త కేబుల్స్ రెండు కొనాలి. బాసిస్ట్ ఐదో ట్యూన్ తెస్తానంటున్నాడు, 11/8 అట.