గడప దాటే రెండో కాలు

మా వంటింటి గడప ఎత్తు మూడు అంగుళాలు. యాభై ఏళ్లుగా దాటుతున్న ఆ గడపకే పోయిన భోగి ముందు రోజు డెబ్బై నాలుగేళ్ల మా అమ్మ కాలు తగిలి పడింది. అదృష్టవశాత్తు ఎముక విరగలేదు, మణికట్టు వాచింది. "చూసుకోకుండా నడిచాను, నాదే తప్పు" అంది కానీ, ఆ తరువాత ఆమె నడకను గమనించినకొద్దీ ఆ మాట సరికాదనిపించింది.

చదునైన నేల మీద నడిచేటప్పుడు బొటనవేలికీ నేలకూ మధ్య ఒకటి రెండు సెంటీమీటర్ల ఎడమే ఉంటుంది. గడప ఎదురైతే, కన్ను రెండడుగుల ముందే దాని ఎత్తును అంచనా కడుతుంది. దాటే క్షణంలో మనం కిందికి చూడం. ముందు కాలు చూపు అంచునైనా పడుతుంది గానీ వెనక కాలు బొత్తిగా కనబడదు కనుక, అది గడప ఎత్తును గుర్తుంచుకొని, కీళ్లూ కండరాలూ పంపే కబురును నమ్ముకొని దాటాలి. వయసుతో ఆ కబురు మందగిస్తుంది. అమ్మ మొదటి కాలిని అవసరానికి మించి ఎత్తి, గడపకు మరీ దగ్గరగా మడమ ఆనిస్తుంది. రెండో కాలు చీర కుచ్చిళ్లతో పాటు ఈడ్చుకుంటూ వస్తుంది. ఆ రోజు తగిలింది ఆ రెండో కాలి చిటికెన వేలే.

గడప తగలడం నాకూ జరుగుతుంది. అయితే తూలిన మరుక్షణం ఇంకో అడుగు చటుక్కున వేసి నిలదొక్కుకోవాలి, అందుకు కావలసిన చురుకైన కండర తంతువులే వయసుతో ఎక్కువగా సన్నబడతాయి. దానికి తోడు అమ్మవి రెండు పవర్ల కళ్లద్దాలు. చదువుకోవడానికి పెట్టిన కింది భాగంలోంచి చూస్తే పాదాల దగ్గరి నేల మసకగా కనిపిస్తుంది. చేతుల్లో పాలగిన్నె ఉంది. పైగా హాల్లోంచి నేనేదో అడిగితే జవాబు చెబుతూ వస్తోంది. నడకకూ మాటకూ ఒకేసారి ధ్యాస పంచడం ఆ వయసులో ఎంత భారమో అప్పటికి నాకు తెలియదు.

పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా దాదాపు 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది చదివి గడప తీయించేద్దామన్నాను. దేవుడి మందిరం వంటింట్లోనే ఉంది కాబట్టి, "శుక్రవారం పసుపు దేనికి రాయను?" అని అమ్మ ఒప్పుకోలేదు. నిజానికి బూడిదరంగు గచ్చు మీద ఆ పసుపూ కుంకుమ బొట్లూ గడప అంచును కంటికి స్పష్టంగా పట్టిస్తాయి, తడిగా ఉన్నంతసేపు జారుతుందన్న చిక్కు తప్ప.

నిలకడ పెంచే వ్యాయామాలతో పడిపోవడాలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే రోజూ సాయంత్రం వంటగట్టు పట్టుకొని ఒంటికాలిపై పది లెక్కపెట్టిస్తున్నాను. ఎడమ కాలి మీద ఏడు దాటడం లేదు. గుమ్మం పక్కన స్టీలు పిడి బిగించాను. అమ్మ దాని మీద మసిగుడ్డ ఆరేసి, ఎప్పటిలాగే ద్వారబంధం పట్టుకొని దాటుతోంది.